కంది మొలిచాకే బొబ్బర్లు

పెద్దమందడి, శుక్రవారం, జూలై 2008

మానని పుండులో రెండు రకాల బ్యాక్టీరియా ఒకే జిగురు పొరలో కలిసి బతుకుతాయి. నా స్లైడ్ మీద మాత్రం ఒకటి రెండోదాన్ని ఒక్కరోజులో చంపేస్తుంది. ఆర్నెల్లుగా ఇదే తంటా. ఈరోజు హైదరాబాదు ల్యాబులో, నాతోపాటే చేరిన సుజాత స్లైడ్ మీద రెండూ పెరిగాయి. సార్ అందరినీ పిలిచి చూపించారు. కడుపులో మంట కనబడకుండా నేనే గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఎలా చేశావంటే నవ్వింది. “మీ నాన్నగారే చెప్పారు. మొన్న మీ ఊరొచ్చినప్పుడు, ఒకే చేలో వేస్తే బొబ్బర తీగ కందిని కమ్మేయదా అని అడిగాను. మెల్లగా ఎదిగేదాన్ని ముందు వేస్తే కమ్మదన్నారు. నేనూ ఆ చచ్చిపోయేదాన్ని ఒకరోజు ముందు వేశాను.”

రాత్రి బస్సులో ఊరికి రాగానే నాన్నను నిలదీశాను. “నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెప్పుడేంది బిడ్డా? కంది మొలిచినంక బొబ్బర్లు నువ్వే ఏస్తుంటివి గద, ఏటేటా.”

అన్నం సగంలో వదిలేసి లేచాను. నాన్న వెనకనుంచి అంటున్నాడు.

“గా పిల్లను మల్ల తోల్కరా. మంచిగ అడుగుతది.”