అయిపోయిన సీసాలు

3వ తేదీ

ప్రియమైన నాన్నా,

ఫోన్ చేద్దామంటే నీ చెవులు సహకరించవు. నేను అరిచి చెబితే హాస్టలంతా వింటుంది. అందుకే ఉత్తరం.

వచ్చే వారం నుంచి మమ్మల్ని వార్డుల్లోకి పంపుతున్నారు. దానికి ముందు హెపటైటిస్ టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో చూశారు. కార్డు లేనివాళ్లకు రక్తపరీక్ష. నేనూ, నా రూమ్మేట్ నిచ్చెనా (దాని పొడుగు నీకు తెలిసిందే కదా) నీ మందుల షాపు ముద్ర వేసిన కార్డులు దర్జాగా చూపించి పక్కకు తప్పుకున్నాం. "మీ నాన్న చెయ్యి తేలిక, మూడుసార్లూ చీమ కుట్టినట్టు కూడా లేదు" అని నిచ్చెన అందరికీ చెబుతోంది.

ఈరోజు టీకాల క్లాసు భలే నడిచింది. మేడం రెండు సీసాలు తెచ్చారు, రెండూ మా టీకాయే. ఒకటి సరిగ్గా దాచింది, ఒకటి కావాలని గడ్డకట్టించి కరిగించింది. చేతికిస్తే ఏది ఏదో ఒక్కళ్లం కూడా పోల్చుకోలేకపోయాం. రెండిటినీ బాగా ఊపి బల్ల మీద పెట్టారు. అరగంటకి ఒకటి తెల్లగా అలాగే ఉంది, రెండోదాంట్లో పలుకులు అడుక్కి దిగి పైన నీళ్లు తేలాయి. "వేడి తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా పాడవుతుందని ఎంతమందికి తెలుసు?" అన్నారు మేడం. అది వేస్తే మనిషికి హాని ఏమీ ఉండదట. నొప్పి మామూలే, కార్డు మీద ముద్ర మామూలే. రక్షణ మాత్రం ఉండదు.

నీ షాపు ఫ్రిజ్ ఒకసారి చూసుకో డాక్టరుగారి నాన్నా. మందులు పెట్టాల్సిన చోట మజ్జిగ గిన్నె పెట్టి ఉంటావు.

నీ కూతురు,
సగం డాక్టరు

9వ తేదీ

ప్రియమైన సగం డాక్టరమ్మకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా కులాసా. మీ అమ్మ మోకాలినొప్పి తగ్గిందంటుంది, మెట్లు కనపడగానే మళ్లీ ఉందంటుంది. షాపు బోర్డుకి కొత్త రంగు వేయించాను. అక్షరాలు వంకర పోయాయి, చదివేవాళ్లు తల వంచుకుని చదవాలి.

ఫ్రిజ్ బాగానే ఉంది. మజ్జిగ లేదు.

ఒక కస్టమర్ అడిగాడు, ఊరికే రాస్తున్నాను. ఆ టీకా పూర్తిగా కాకుండా ఒక్క రాత్రి మాత్రం గడ్డకట్టి, పొద్దున్నే కరిగిపోతే కూడా పోయినట్టేనా? సగమైనా పని చేయదా? మీ మేడంని అడుగు. నీ పేరు చెప్పి కాదు, ఎవరో అడిగారని అడుగు.

కార్డు ఉన్నవాళ్లకు రక్తపరీక్ష చెయ్యరన్నావు. అడిగితే చేస్తారేమో కనుక్కోరాదూ? తప్పేముంది, ఒక చుక్క రక్తం. అప్పటిదాకా సూదుల జోలికి వెళ్లకు. ఎవరైనా పిలిస్తే తలనొప్పని చెప్పు. మొదటి వారమే అన్నీ నేర్చుకోవాలని ఏం లేదు. నా మాట విను.

నిద్ర సరిగా పట్టడం లేదు. వయసు కాబోలు.

నీ నాన్న

13వ తేదీ

ప్రియమైన నాన్నా,

నీ కస్టమర్ ప్రశ్న మేడంని అడిగాను. ఒక్క రాత్రైనా, ఒక్క గంటైనా, గడ్డకట్టిందంటే పారేయాల్సిందేనట. సగం పనిచేయడం అంటూ ఉండదట.

నీకో సంగతి చెప్పాలి, కంగారు పడకు. పదో తేదీన వార్డులో ఒకాయనకు రక్తం తీసి, సూదికి మూత పెట్టబోతే గ్లవ్ లోంచి బొటనవేలికి దిగింది. మూత పెట్టకూడదని వందసార్లు చెప్పారు, అయినా చెయ్యి ఆగలేదు. నిన్న ఆయన రిపోర్టు వచ్చింది. హెపటైటిస్ ఉంది ఆయనకు.

సిస్టరు నాకంటే ఎక్కువ భయపడింది. "టీకాలు పడ్డాయా?" అంటే, మూడూ మా నాన్న స్వయంగా వేశాడని చెప్పాను. "అయితే నువ్వు బతికిపోయావు, వెళ్లు" అంది. ఇంకేమీ చేయించుకోలేదు. అవసరం లేదు కదా?

ఆ సూది గుచ్చుకున్నప్పుడు మొట్టమొదట గుర్తొచ్చింది నీ చెయ్యే నాన్నా. నీ దగ్గర వేయించుకోవడం ఎంత మంచిదైందో అనుకున్నాను.

నీ కూతురు

15వ తేదీ, పొద్దున

తల్లీ,

ఈ ఉత్తరం నీ చేతికే ఇమ్మని బస్సు కండక్టరుకు ఇస్తున్నాను. నేనే బయల్దేరాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టి దించేశాను. నీ మొహం చూసి ఈ మాట చెప్పలేను.

చదువుతూనే మీ మేడం దగ్గరికి పరుగెత్తు. నీకు టీకా పడలేదు.

కస్టమర్ లేడు, పాడూ లేడు. అడిగింది నేనే. మీరు మొదటి డోసుకు వచ్చే ముందు రోజు పగలంతా కరెంటు లేదు. టీకా పెట్టె వేడెక్కిపోతుందని భయపడి, కరెంటు రాగానే ఐస్ అరలో పెట్టాను. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాను. తెల్లారి చూస్తే సీసాలు గోళీల్లా ఉన్నాయి. అరచేతిలో పెట్టుకుని కరిగించాను. నీకు నొప్పి తెలియకూడదని గోరువెచ్చగా కూడా చేశాను. మూడుసార్లూ ఆ పెట్టెలోవే వేశాను. ఇరవై సీసాల పెట్టె. మిగతావి అప్పుడే అయిపోయాయి.

ఖాళీ పెట్టె అటక మీదుంటే తీసి చూశాను. గడ్డకట్టనివ్వరాదని చిన్న అక్షరాల్లో ఉంది. ముప్పై ఏళ్లుగా అందరి మందుచీటీలూ చదివిపెట్టే నేను అదొక్కటీ చదవలేదు.

నీ మొదటి ఉత్తరం చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. చెబితే నా మీద నీకున్న నమ్మకం పోతుందని, రక్తపరీక్ష చేయించుకుంటావులే, అదే బయటపడుతుందిలే అని నోరు మూసుకు కూర్చున్నాను. నీకేమైనా అయితే నేను బతకను. కార్డు చింపెయ్యి. ఆలస్యం చెయ్యకు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ నాన్న

16వ తేదీ

ప్రియమైన నాన్నా,

ముందు ఊపిరి పీల్చుకో. సూది నాకు గుచ్చుకోలేదు.

గుచ్చుకుంది నిచ్చెనకు. నేను రాసిందంతా దానికి జరిగిందే, బొటనవేలూ దానిదే. మీ నాన్న వేశారు కదా, నాకేం భయం అని సబ్బుతో కడుక్కుని వచ్చి పడుకుంది. పన్నెండో తేదీన నీ ఉత్తరం వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది అందులో ప్రతి వాక్యం. చదవగానే నిచ్చెనను లేపి మేడం దగ్గరికి లాక్కెళ్లాను. ఇద్దరి రక్తమూ తీశారు. ఇద్దరికీ రక్షణ సున్నా. వారం దాటితే ఏం చేసినా లాభం ఉండదట, రెండో రోజే వెళ్లాం కాబట్టి దానికి రెడీమేడ్ రక్షణ ఇంజెక్షనూ, ఇద్దరికీ టీకా మొదటి డోసూ వేశారు. అది తప్పించుకుందో లేదో తెలియడానికి ఆరు నెలలు ఆగాలి. ఈ ఆరు నెలలూ దాని పక్క మంచం మీదే పడుకోవాలి నేను.

నీకు అబద్ధం రాసినందుకు సిగ్గుగానే ఉంది. అడిగితే నువ్వు చెప్పవు. ఏ పెట్టె, ఏ రోజు అన్నది తెలియకపోతే మిగతావాళ్ల విషయంలో మేడం ఏమీ చేయలేరు. నా ప్రాణం మీదికొస్తేనే నిజం రాస్తావని తెలిసి, నా ప్రాణం మీదికి తెచ్చాను. రాశావు. కానీ నాన్నా, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ రోజు నీ ఎదుట ఇద్దరం చెయ్యి చాపాం. నిచ్చెన గురించి ఒక్క ముక్క లేదు అందులో.

ఇరవై సీసాలు. మా ఇద్దరికీ ఆరు. మిగతావి "అయిపోయాయి" అని రాశావు. షాపులో సబ్బులు అయిపోతాయి, దగ్గు మందు అయిపోతుంది. ఈ పద్నాలుగూ మనుషుల్లోకి వెళ్లాయి నాన్నా. మన షాపు పక్క ల్యాబులో రక్తం గొట్టాలు కడిగే అక్క నాతోపాటే వేయించుకుంది, చూశాను. ఆమె గ్లవ్స్ వేసుకోదు. టీకా పడింది కదా అంటుంది.

నేను నిన్ను అసహ్యించుకోవడం లేదు. కోపం ఉంది, చాలా ఉంది. దానికంటే భయం ఎక్కువ ఉంది. నిచ్చెనకు నిన్న అంతా చెప్పేశాను. విన్నాక, "మీ నాన్నకి నా సంగతి రాయకు, పెద్దాయన తట్టుకోలేడు" అంది. అందుకే రాస్తున్నాను.

దీనికి జవాబు రాస్తూ కూర్చోకు. షట్టరు దించు. ముందు ల్యాబు అక్క దగ్గరికి వెళ్లు. ఏం చెప్పాలో తెలియకపోతే, నిన్న నాకు రాసిన మాటే చెప్పు, నీకు టీకా పడలేదని. అప్పుడు ఆమెను కూడా తల్లీ అనే పిలువు.

నీ కూతురు