ఆరని మంట బొమ్మ

అక్కా,

ఫోన్‌లో అయితే ఏడ్చేస్తానని ఇలా రాస్తున్నాను. కోడింగ్ నేర్పే యాప్‌లో రోజూ పాఠం చేస్తే మంట బొమ్మ వెలుగుతుంది, ఒక్కరోజు మానితే ఆరిపోతుంది. కొత్త పాఠం తెరిస్తే నా బుర్ర మొద్దుబారిపోతోంది. అందుకే కొన్నాళ్లుగా, బాగా వచ్చేసిన మొదటి పాఠాన్నే మళ్ళీ మళ్ళీ చేసి మంటను కాపాడుకుంటున్నాను. అత్తయ్యేమో ఇంటికొచ్చిన వాళ్లందరికీ నా ఫోన్ చూపించి, "మా కోడలు ఒక్కరోజు మానలేదండీ!" అంటున్నారు. అది వినలేక వంటింట్లోకి తప్పుకుంటున్నాను.

మీ ఆఫీసులో నా ఉద్యోగం గురించి అడుగుతానన్నావు కదా, ఆ మాట అప్పుడే ఎత్తకు. ఆదివారం పొద్దున్నే, నేను పాఠం చేయకముందే వచ్చి, నా ఫోన్ నీ సంచిలో వేసుకుని వెళ్లిపో, సోమవారం ఇద్దువుగాని. అత్తయ్యకు పాడైందని చెబుదాం. ఆ మంట ఆరితే గానీ నేను కొత్త పాఠం జోలికి వెళ్లలేను. ఆర్పడానికేమో నాకు చేతులు రావడం లేదు.

నీ చెల్లి