బుంగమూతికి అయిదో నియమం

ప్రియమైన అల్లుడికి,

నా ఆశీస్సులు. విరిగిన కాలు అతుక్కుంది గానీ ఈ ఫిజియోథెరపీ కేంద్రంవాళ్ళు నన్ను ఇంకా వదలడం లేదు. ముప్పై నాలుగేళ్ళు బస్ డిపోలో టైంకీపర్‌గా చేసి అందరినీ పరుగెత్తించినవాణ్ణి. ఇప్పుడు నడిపించే అమ్మాయి "తాతగారూ, ఇంకో పది అడుగులు" అని నన్ను బతిమాలుతోంది. ఏం ఖర్మ!

ఫోన్లో చెబితే నువ్వు "ఊ, ఊ" అంటావు తప్ప ఒక్కటీ బుర్రకెక్కించుకోవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నేనొచ్చి మీతో ఉండాలని మీ ఆవిడ ఏడాదిగా నా ప్రాణం తోడేస్తోంది. నా షరతు మళ్ళీ చెబుతున్నాను. నా గోల్డ్‌ఫిష్ బుంగమూతిని నలభై రోజులు ప్రాణాలతో ఉంచు. చేపనే చూసుకోలేనివాడు నన్నేం చూసుకుంటాడు? అది పోయిందా, నేను మీ ఇంటికి వచ్చే మాట ఇంక ఎవరూ ఎత్తకూడదు.

పదకొండు నియమాలు రాసి జతచేశాను. కార్బన్ కాపీ నా దగ్గరుంది. అక్షరం పొల్లుపోకూడదు.

నీ మామయ్య

*

గౌరవనీయులైన మామయ్యగారికి,

నమస్కారాలు. అక్షరం పొల్లుపోదండీ, నా వృత్తే అది. ప్రెస్సులో పదహారేళ్ళుగా ఇచ్చిన కాపీని ఉన్నదున్నట్టు కంపోజ్ చేస్తున్నాను. ఓసారి ఒక పళ్ళ డాక్టరుగారు తన కార్డుకి సొంత పేరే తప్పు రాసిచ్చారు. అదే వేసిచ్చాను. సొంత తెలివి చూపిస్తే మా ఓనరు ఊరుకోరు.

ఇవాళ పన్నెండో రోజు. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, బుంగమూతి ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. వెళ్ళి రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటోంది. చేపల దుకాణాయన నీలిమందు ఇచ్చాడు. నిన్న సాయంత్రం నుంచి మొదలుపెట్టాను. మీ అమ్మాయి కంగారు చూడలేకపోతున్నాను. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "నాన్న రానంటాడు, రానంటాడు" అని చేపతోనే మొరపెట్టుకుంటోంది.

మీ అల్లుడు

*

ప్రియమైన అల్లుడికి,

చుక్కలు వచ్చాయంటే నీళ్ళు సరిగ్గా మార్చలేదన్నమాట. నాకు తెలుసు. నీ పెళ్ళిచూపుల్లో చెంచా కిందపడేసినప్పుడే తెలుసు.

మందు ఆపకు. ఆ దుకాణాయన్ని మాత్రం నమ్మకు. నాకు ఇదే మందు మూడుసార్లు నకిలీది అంటగట్టాడు. వాడి కొట్టు ముందు నిలబడి కడిగిపారేశాను కూడా. రోజూ ఏమేం వేస్తున్నావో వివరంగా రాయి.

నీ మామయ్య

*

గౌరవనీయులైన మామయ్యగారికి,

నమస్కారాలు. పదిహేడో రోజు. ఇక్కడేదో మాయ జరుగుతోందండీ. సాయంత్రం మందు వేస్తే తొట్టి మొత్తం ఇంకులా నీలంగా మారుతుంది. పొద్దున లేచి చూస్తే నీళ్ళు కన్నీళ్ళంత తేటగా ఉంటున్నాయి! మందు ఎటు పోతోందో అంతుబట్టడం లేదు. "బుంగమూతే తాగేస్తోందేమో" అంటుంది మీ అమ్మాయి. చుక్కలు మాత్రం తగ్గలేదు. ఇవాళ మేత కూడా ముట్టలేదు. మూలన రాయి పక్క ఒరిగి పడుకుంది. పిలిస్తే ఒక్కసారి తోక కదిపింది, అంతే.

నాకు భయంగా ఉంది మామయ్యగారూ. పరీక్ష సంగతి పక్కన పెట్టండి, ఈ పదిహేడు రోజుల్లో అదంటే నాకూ ప్రాణం అయిపోయింది.

మీ అల్లుడు

*

ప్రియమైన అల్లుడికి,

చేప తాగడమేమిట్రా, అదేమన్నా కాఫీయా? మందు నకిలీది, అంతే! నాకు మూడుసార్లూ ఇలాగే తెల్లారేసరికి నీళ్ళు తేటపడ్డాయి. వెంటనే వెళ్ళి ఆ దుకాణాయన కాలర్ పట్టుకో. ఉత్తరం అందిన పూటే వెళ్ళు. నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు.

నీ మామయ్య

*

గౌరవనీయులైన మామయ్యగారికి,

నమస్కారాలు. మీ మాట ప్రకారం వెళ్ళాను. కాలర్ దాకా చెయ్యి వెళ్ళలేదు గానీ గొంతు మాత్రం లేచింది. ఆయన నిదానంగా విని, "మందుతోపాటు ఇంకేం పోస్తున్నారు సార్?" అన్నాడు. నియమాల కాగితం తీసి చదివాను: "అయిదు. తొట్టిలో ఏది వేసినా, వెనకే ఒక మూత వాటర్ కండిషనర్ వెయ్యవలెను." మందు వేసిన ప్రతి సాయంత్రం వెనకే ఒక మూత వేశానని చెప్పాను.

ఆయన నెత్తి బాదుకున్నాడు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందట. దాన్ని విరిచెయ్యడమే కండిషనర్ పని. నేను వాడే రకం క్లోరిన్‌తో ఆగదట, ఈ నీలిమందునీ విరిచేస్తుందట. అందుకే రంగు పోయింది. కొత్త నీళ్ళకి ముందే బకెట్లో కండిషనర్ కలిపి, అవి తొట్టిలో పోశాకే మందు వెయ్యాలి. మళ్ళీ నీళ్ళు మార్చేదాకా కండిషనర్ సీసా జోలికి పోకూడదు. ఫిల్టర్లో ఉన్న బొగ్గుసంచి కూడా మందు పీల్చేస్తుందని తీయించాడు.

ఇంకొకటి చెప్పాలి. దాస్తే నాకు నిద్ర పట్టదు. సీసా వెనక చీమతలకాయంత అక్షరాల్లో "మందులతో కలిపి వాడరాదు" అని ఉంది. మొదటి రోజే చదివాను. అచ్చక్షరాలు చదవకుండా ఉండలేను కదా. కానీ మీ కాగితంలో ఇంకోలా ఉంది. మిమ్మల్ని ఎదురు ప్రశ్నించడానికి ధైర్యం చాలలేదు. పళ్ళ డాక్టరుగారి కార్డు వేసినట్టే వేసుకుపోయాను. నా పిరికితనానికి బుంగమూతి ప్రాణం మీదికొచ్చింది. సిగ్గుగా ఉందండీ.

నిన్నటి నుంచి ఆయన చెప్పినట్టే వేస్తున్నాను. పొద్దున కూడా నీళ్ళు నీలంగానే ఉన్నాయి.

మీ అల్లుడు

*

గౌరవనీయులైన మామయ్యగారికి,

ముప్పై ఒకటో రోజు. మీ దగ్గర్నుంచి జాబు లేదు. కోపం వచ్చిందా? తిట్టాలనుంటే తిట్టండి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండకండి. బుంగమూతి ఒంటిమీద ఇప్పుడు ఒక్క చుక్క లేదు. మేత వెయ్యడం క్షణం ఆలస్యమైతే అద్దానికి మూతి ఆనించి, అచ్చం మీలాగే చూస్తోంది.

మీ అల్లుడు

*

ప్రియమైన అల్లుడికి,

కోపం కాదురా. కార్బన్ కాపీ ముందు పెట్టుకుని ఇన్ని రోజులూ కూర్చున్నాను. అయిదో నియమం నా దస్తూరీలోనే ఉంది.

బుంగమూతికి ముందు నా దగ్గర మూడు చేపలు ఉండేవి. మూడింటికీ ఇవే చుక్కలు వచ్చాయి. మూడింటికీ నేనే నీలిమందు వేశాను, వెనకే ఒక మూత కండిషనర్ వేశాను. మూడూ పోయాయి. ఆ పెద్దమనిషిని వీధిలో అందరి ముందూ దొంగ అన్నాను. నిన్న వాళ్ళ దుకాణానికి ఫోన్ చేసి క్షమించమన్నాను. "పరవాలేదు సార్, మీ అల్లుడుగారు ముందే మీ తరఫున చెప్పేశారు" అన్నాడు. నాకు ఒక్క ముక్కయినా రాశావా? నీకు తెలియకుండా నా పరువు కూడా కాపాడుతున్నావన్నమాట.

నలభై రోజులు నిండే దాకా ఆగను. గురువారం వస్తున్నాను. మీ ఆవిడని ఏడవొద్దను, గది సర్దమను. బొగ్గుసంచి పారెయ్యకు, జబ్బు తగ్గింది కాబట్టి మళ్ళీ ఫిల్టర్లో పెట్టాలి. ఇది నిజమో కాదో దుకాణాయన్ని అడిగి మరీ చెయ్యి.

మీ ఇంట్లో నాకు నియమాలు నువ్వే రాయి. మొదటిది మాత్రం నేనే రాసేస్తున్నాను: మామయ్య చెప్పింది తప్పయితే మొహం మీదే చెప్పాలి.

అక్షరం పొల్లుపోకూడదు.

నీ మామయ్య