సోల్జే కనుమ కబురు

హేరాన్ వాళ్ళమ్మకి,

బియ్యప్పిండిలో మరిగే నీళ్ళే పొయ్యాలని నువ్వు చెప్పలేదు మరి. చెప్పానంటావు. చన్నీళ్ళు పోశాను. అర్ధచంద్రాల్లా ఉండాల్సిన సోంగ్‌ప్యాన్లన్నీ ఆవిరికి నోళ్ళు తెరిచి నువ్వుల పూర్ణం కక్కుకున్నాయి. పెద్దలకు వాటినే పెట్టాను. బతికున్నప్పుడే మా నాన్నకి నా చేతిపని మీద ఆశల్లేవు కాబట్టి కొత్తగా బాధపడి ఉండడు. వంటలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నీకు అక్కడ మీ అమ్మ దగ్గర కంటినిండా నిద్ర ఉందో లేదో.

నువ్వడిగినవి చెబుతా. సమాధుల మీద గడ్డి కోశాను, నడుం పట్టేసింది. సోయా ముద్ద జాడీల మూతలు ఎండ రాగానే తీస్తున్నాను. చామదుంపల చారు నోట్లో పోసుకుని మా తమ్ముడు గ్యుసిక్, "వదిన ఎప్పుడొస్తుందన్నయ్యా?" అన్నాడు. అది పొగడ్త కాదని నాకూ తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళలో చుసోక్ పండక్కి నువ్వు ఇంట్లో లేకపోవడం ఇదే మొదలు. ఒక్కరోజు పొయ్యి దగ్గర నిలబడితే నా మోకాళ్ళు మొరాయించాయి. ఇదొక సిగ్గు. రాయాల్సిన సిగ్గు ఇంకోటుంది.

"ఆ రోజు కొండ కనుమ దగ్గరికి ఎందుకు రాలేదే?" అని మీ అమ్మ రోజూ అడుగుతోందనీ, నువ్వెప్పుడూ రమ్మనలేదు కదమ్మా అని సర్దిచెబుతున్నాననీ రాశావు. మతి తప్పిందని మీ అన్నయ్య సోమవారం ఆవిణ్ణి వృద్ధుల ఆస్పత్రిలో చేర్పిస్తున్నాడనీ రాశావు. ఫోన్లో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

మీ అమ్మకి మతి తప్పలేదు. ఆవిడ రమ్మంది.

మన పెళ్ళయ్యాక రెండో చుసోక్. పండగ ముందురోజు పిండిమర దగ్గర, ఊరూరా తిరిగి ఎండుచేపలమ్మే అవ్వ నన్నాపి మీ అమ్మ కబురు చెప్పింది. పండగ మర్నాడు మధ్యాహ్నం నిన్ను మన రెండూళ్ళ మధ్యనున్న సోల్జే కనుమ మీదికి పంపమని. పూర్వం పుట్టింటికి వెళ్ళే వీల్లేని కోడళ్ళు అలాగే కదా, తల్లి సగం దారి, కూతురు సగం దారి నడిచి, కలిసి ఒకపూట తిని, పొద్దుగూకేలోగా ఎవరింటికి వాళ్ళు చేరేవాళ్ళు. సరే చెబుతానన్నాను.

పండగ మర్నాడు మా పెదనాన్నలూ బాబాయిలూ ఎనిమిదిమంది దిగారు. నువ్వెళితే వడ్డించేదెవరు? భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత, గిన్నెలయ్యాక అనుకున్నాను. నువ్వు గిన్నెలు తోమేసరికి పొద్దువాలింది. వెళ్ళొద్దని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు, నా తెలివంతా అందులోనే ఉంది.

తర్వాతి సంతలో అవ్వ, "ఆ తల్లి చీకటిపడేదాకా రాయి మీదే కూర్చుంది నాయనా. తెచ్చిన మూట కూడా విప్పలేదు. ఏమని చెప్పను?" అంది. నీకు జ్వరమని చెప్పమన్నాను. వారం తిరక్కుండా మీ అమ్మ తేనె సీసా పంపింది, ఎందుకు పంపిందా అని నువ్వు ముచ్చటపడ్డావు. లేని జ్వరానికి మందు అది. అందులో సగం నేనే తాగాను.

ఆ జ్వరం మాట ఆవిడ నమ్మిందనుకోను. నమ్మితే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నిన్నడిగేది. అడిగితే అత్తింటి గుట్టు కూతురి చేత చెప్పించినట్టవుతుందని మింగేసి ఉంటుంది. ఇప్పుడు వయసు మీదపడి, మింగినది పైకొస్తోంది.

ముందు ఈ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించు. తర్వాత మీ అమ్మ చెవి దగ్గర గట్టిగా చదువు. కూతురు రానన్లేదనీ, దానికి తెలియనే తెలియదనీ చెప్పు. ఆవిడ నన్ను ఏం తిడితే అది ఒక్క ముక్క తగ్గించకుండా రాయి. నువ్వేం తిడతావో మాత్రం ఊహించడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

గ్యుసిక్ మీ ఊరి మీదుగానే పట్నం వెళ్తున్నాడు, వాడి చేతే పంపుతున్నాను. వాకిట్లోంచి పిలుస్తున్నాడు. "ఉత్తరం ఒక్కటే ఎందుకన్నయ్యా, నువ్వూ ఎక్కు. బండిలో చోటుంది." ఎక్కి, మీ అమ్మ ఎదుట కూర్చుని, నేను... సరే, మిగతాది అక్కడికొచ్చి చెబుతా.

ఇట్లు,
హేరాన్ నాన్న