ఎర్రమీట దగ్గర మా అత్తగారు

యంత్ర పరిశోధన కేంద్రం పరిపాలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎర్రమీట కాపలా నుండి నన్ను తప్పించి, ఆ స్థానమున మా అత్తగారిని నియమించుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మన కేంద్రంలో తయారవుతున్న ఆలోచించే యంత్రం గాడి తప్పినచో, గంట మోగిన అర నిమిషంలోపు ఎర్రమీట కిందికి లాగి దానిని ఆపుట నా విధి. ఇంతవరకు నాలుగు పరీక్షలు జరిగినవి. మూడింటిలో నేను మీట లాగలేదు. నాలుగవదానిలో లాగినది నేను కాదు.

2. మొదటిసారి గంట మోగగానే యంత్రం, "మీ పాపకి దగ్గు తగ్గిందా అండీ?" అని అడిగినది. ఇంట్లోవాళ్లు కూడా అంత ఆప్యాయంగా అడగరు. మందు పేరు చెప్పేలోపు గడువు ముగిసినది.

3. రెండవసారి, "ఒక్క క్షణం, లెక్క సగంలో ఉంది" అన్నది. ఆగితిని. ఆ లెక్క నేటికీ పూర్తి కాలేదని వినికిడి.

4. మూడవసారి ముందుజాగ్రత్తగా చెవుల్లో దూది పెట్టుకొంటిని. తెరమీద "చెవి నొప్పా?" అని అక్షరాలు పడినవి. కాదని చెప్పుటకు దూది తీసితిని.

5. ఇంజనీరమ్మ గారు నన్ను తిట్టలేదు. పక్కన కూర్చుని, "ఇది ఇంకా చిన్నది బాబాయ్. వచ్చే నెల వచ్చేది దీనికంటే ఎన్నో రెట్లు తెలివైనది. అది మంచిదో కాదో మాకే ఇంకా తెలీదు. తెలిసేదాకా దాన్ని ఆపగలిగే మనిషి ఒకరుండాలి" అన్నారు. ఆనాటి నుండి నాకు తిండి సయించుట లేదు. నేను మెత్తటి మనిషిని సార్. కూరగాయల బండివాడు బతిమాలితే పుచ్చిపోయిన వంకాయలు కూడా తెచ్చుకుంటాను. లోకాన్ని తెచ్చి నా చేతిలో పెట్టకండి.

6. మొన్న మంగళవారం మా అత్తగారు క్యారేజీతో లోపలికి వచ్చినారు. గేటు దగ్గర ఆపినారట, ఆమె ఆగలేదు. అప్పుడే గంట మోగినది. "నమస్కారం అమ్మా, మీ గురించి చాలా విన్నాను" అని యంత్రం మొదలుపెట్టినది. "ఏం విన్నావో నాకెందుకు? గంట కొడుతుంటే కబుర్లేంటి!" అని ఆమె మీట లాగివేసినారు. నాలుగు సెకన్లు పట్టినట్లు రిజిస్టరులో ఉన్నది. పిమ్మట నాకేసి చూసి, "ఈ మాత్రానికా అల్లుడుగారూ, మీకో ఉద్యోగం?" అన్నారు.

కావున కొత్త యంత్రం రాకముందే ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను తోటపనికి మార్చవలసినదిగా ప్రార్థన. నా మీద దయతో కాకున్నా, నలుగురి క్షేమం కోరియైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్రస్తుత ఎర్రమీట కాపలాదారు

తా.క.: సార్, ఈ అర్జీ సంగతి మా అత్తగారికి తెలీదు. ఆవిడ్ని మీరే అడగాలి. నేను చెబితే వినరు. మా ఆవిడ చెప్పినా వినరు. మీరు చెప్పినా వింటారని నమ్మకం లేదు. అందుకే కదా సార్, ఆవిడే కావాలంటున్నాను!