క్రేను నడిపేవాడి కథ చెప్పిన రోజు

జూన్ 9

ప్రియమైన చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. మరదలు బాగుందా? ఈ మాట ఫోనులో ఎత్తితే ఇద్దరం వేరే కబుర్లలోకి జారిపోతాం, అందుకే రాస్తున్నాను.

చివరి ఏడాది నర్సింగు పిల్లలకి చెప్పాల్సిన కొత్త పాఠమొకటి నా నెత్తిన పడింది. ఎప్పుడో రాబోయే జబ్బుని ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో వెతకవచ్చా, వెతికితే ఆ సంగతి ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది పాఠం. వంశంలో వచ్చే జబ్బులు బోర్డు మీద రాస్తూ మూడోదిగా అమ్మ జబ్బు పేరు రాశాను. తల్లికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశమని చదివి వినిపించాను, ఎవరింటి సంగతో అయినట్టు. ఒక పిల్ల లేచి, "మేడమ్, మీరైతే ఆ పరీక్ష చేయించుకుంటారా?" అని అడిగింది. అది పాఠంలో లేదన్నాను.

అమ్మ పోయాక నువ్వు చేయించుకుంటానన్నావు. వెళ్లమనను, వద్దనను. నాకైతే ధైర్యం లేదు.

నీ అక్క


జూన్ 20

ప్రియమైన అక్కకి,

ఫిబ్రవరిలోనే వెళ్లాను. ఉంది.

డాక్టరమ్మ టేబులు మీది టిష్యూ పెట్టెని నా వైపు జరిపినప్పుడే తెలిసిపోయింది. జన్యువు ఉండటం వేరు, జబ్బు మొదలవటం వేరు, పదేళ్లయినా పట్టొచ్చు అంది. బయటికొచ్చి మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాను. అమ్మ చేతిలో గ్లాసు నిలవకపోవటం, మంచం మీద కూడా కాళ్లు వాటంతటవి ఆడుతూ ఉండటం, ఇవన్నీ ఆ రోజు ప్రతి స్టాపులోనూ గుర్తొచ్చాయి.

పదహారేళ్లుగా బస్సు తప్ప వేరే పని ఎరగను. డిపోలో తెలిస్తే రేపే స్టీరింగు దగ్గరికి రానివ్వరు. నీకూ నీ మరదలికీ తప్ప మూడో మనిషికి తెలియదు. కడుపులో పెట్టుకో.

నీ తమ్ముడు


జూలై 15

చిన్నోడా,

నా నోరు పడిపోను. నీ సంగతి క్లాసులో చెప్పాను.

నువ్వని చెప్పలేదు. క్రేను నడిపేవాడొకడు, తల్లికి ఉన్న జబ్బు తనకీ రాబోతోందని తెలిసి దాచుకున్నాడు, ఏం చేయాలి అని అడిగాను. పుస్తకంలోని ఉదాహరణలు చప్పగా ఉన్నాయి. పిల్లలకి నిజంగా తగలాలని ఆశపడ్డాను. జబ్బు రానంతవరకూ అది అతని సొంత విషయమని చాలామంది అన్నారు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది. ఆమె లేచి, "క్రేను కింద నిలబడేవాళ్లని ఎవరూ అడగరా మేడమ్?" అంది. జవాబు చెప్పబోయి, అతని తల్లి అనాల్సిన చోట "మా అమ్మ" అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు డ్రైవరు తమ్ముడున్నాడని వాళ్లకి తెలుసు.

సాయంత్రం రిజిస్టరు తీసి చూశాను. ఆ పిల్ల తండ్రి మీ డిపోలోనే మెకానిక్కు.

రహస్యం కాపాడటం ఎలాగో నేర్పే పంతులమ్మని నేను. క్షమించమని ఏ మొహంతో అడగను?

అక్క


జూలై 29

అక్కకి,

సోమవారం నుంచి బండి ఎక్కటం లేదు. స్పేరు పార్టుల గదిలో కూర్చోబెట్టారు. కొన్నాళ్లు నాకు రాయకు, ఫోనూ చేయకు.

తమ్ముడు


ఆగస్టు 17

ప్రియమైన తమ్ముడికి,

రాయొద్దన్నావు. ఉండలేక రాస్తున్నాను.

ఆ పిల్లని స్టాఫు గదికి పిలిపించాను. మా నాన్నకి చెప్పలేదు మేడమ్, ఒట్టు అంది. నేను నమ్మలేదు. నలుగురు లెక్చరర్ల ఎదుట, "ఒక మనిషి కూడు తీసిన చేత్తో రోగులకి సేవ ఎలా చేస్తావు?" అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. నిలబడి విని, పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయింది. పదకొండు రోజులుగా క్లాసుకి రావటం లేదు.

నిన్న హాజరు పిలుస్తూ ఆమె నంబరు దగ్గర ఆగిపోయాను. తప్పు చేసింది నేను, తిట్లు తిన్నది తను. రాజీనామా రాసి పెట్టుకున్నాను. నిన్ను రోడ్డున పడేసిన నోటితో ఇంక ఏ పాఠమూ చెప్పలేను.

నీ అక్క


ఆగస్టు 25

ప్రియమైన అక్కకి,

చేతిరాత నీ మరదలిది. నేను చెబుతుంటే రాస్తోంది. కింద సంతకం మాత్రం నాదే, ఎలా ఉన్నా పోల్చుకో.

ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. డిపోలో చెప్పింది నేనే.

నీ ఉత్తరం వచ్చిన వారానికి, ఆసుపత్రి స్టాపులో ఒక ముసలామె దిగుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. బ్రేకు మీదున్న నా కాలు దానంతటది ఎగిరిపడింది. బస్సు మూరెడు ముందుకి దూకింది. ఆమె కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుంది కాబట్టి సరిపోయింది. "కళ్లు నెత్తికెక్కాయా నాయనా" అని తిట్టి వెళ్లిపోయింది. నాకు అద్దంలోకి చూడటానికి కూడా ధైర్యం చాలలేదు. అది మొదటిసారి కాదక్కా. మే నెల నుంచీ అవుతోంది. అలసట అని చెప్పుకుంటూ వచ్చాను.

బండి డిపోకి చేర్చమని ఇంకో డ్రైవరుకి ఇచ్చి, అక్కడ బ్రేకు చూడమన్నాను. ఆ పిల్ల తండ్రే బస్సు కింద దూరి రెండుసార్లు చూశాడు. "బ్రేకు బంగారంలా ఉంది, మరి ఏమైందన్నా?" అన్నాడు. కింద నిలబడేవాళ్లని ఎవరూ అడగరా అన్న వాళ్లమ్మాయి మాట నీ ఉత్తరంలో చదివి ఉన్నాను. ఆయన్ని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికెళ్లి, అంతా చెప్పి తాళాలు బల్ల మీద పెట్టాను.

పదేళ్లు అన్నారు గానీ, మొదలైపోయింది. డాక్టరమ్మ కూడా ఖాయం చేసింది. మొదలైందని అప్పుడే రాస్తే నువ్వు ఆ క్షణం నుంచి నీ కాళ్లకేసి చూసుకుంటూ కూర్చుంటావని రాయలేదు. నా పిరికితనానికి ఆ పిల్ల బలైపోయింది.

నన్ను చూడటానికి తర్వాత రావచ్చు. ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్లు. తప్పు ఒప్పుకో. నీ మాట వినకపోతే ఈ ఉత్తరం ఆమె చేతికి ఇచ్చి చదవమను. ఇందులో దాచాల్సిందేమీ లేదిప్పుడు.

నీ తమ్ముడు