ఎముకల డాక్టరుగారి గురువారాలు తిరిగి ఇప్పించుట గురించి

ఆసుపత్రి సూపరింటెండెంటుగారి సముఖమునకు, రెండో లిఫ్టు నడుపువాడు పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎముకల డాక్టరుగారికి గురువారం సాయంత్రాలు వేసిన రికార్డుల గది డ్యూటీని రద్దు చేయుట గురించి. మిక్కిలి అత్యవసరం, అనగా సోమవారం లోపల.

1. పందొమ్మిదేళ్లుగా లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుచున్నాను. ఎక్కిన తీరును బట్టి మనిషి గుట్టు చెప్పగలను. సదరు డాక్టరుగారు ప్రతి గురువారం నాలుగింటికి డ్యూటీ దిగి, చొక్కా చేతులు మడిచి ఎటో పోయేవారు. శుక్రవారం ఈల వేస్తూ వచ్చేవారు. గోళ్ల కింద నలుపు. ప్రతి రోగినీ పేరు పెట్టి పిలిచి, "నొప్పి మెట్లెక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అని అడిగేవారు. పనిలోకి అంత హుషారుగా వచ్చే మనిషిని నా సర్వీసులో చూసి ఎరుగను. అనుమానం రాదా మరి?

2. రెండు నెలల క్రిందట తమకు ఒక ఆకాశరామన్న ఉత్తరం అందినది. డాక్టరుగారు చాటున సొంత ఆసుపత్రి నడుపుతున్నారని దాని సారాంశం. అది రాసిన వెధవ ఎవరో నాకు బాగా తెలుసు. పేరు చెప్పను. చెప్తే వాడితో కాపురం చేస్తున్న ఇల్లాలి పరువు పోవును.

3. తమరు విచారణ అనేది లేకుండా ఆయనకు గురువారాలు పాత ఫైళ్ల మీద సంతకాల డ్యూటీ వేసితిరి. అప్పటినుండి మూడో అంతస్తులో తలుపు తీసినా ఆయన దిగరు. "సార్, మీ ఫ్లోరు" అంటే, "ఎవరిది?" అంటారు.

4. సంగతేమిటో తేల్చుకుందామని ఆరా తీస్తూ పోతే, వెనక వీధిలో సైకిలు షాపు తేలింది. షాపు ముసలాయన నా యూనిఫారం చూసి పట్టుకున్నాడు.

"ఏమయ్యా, మీ డాక్టరు రావట్లేదేం? ఆయన కోసం మూడు చక్రాలు అట్టే పెట్టాను."

"డాక్టరుకి ఇక్కడేం పని పెద్దాయనా?"

"వంకరపోయిన రిమ్ములు సరిచేస్తాడు. ఒక్కో స్పోకూ బిగించి, తిప్పి, కన్ను ఆనించి చూస్తాడు. కూలి ఇస్తానంటే టీ చాలంటాడు. ‘చక్రం ఏడవదు పెద్దాయనా, కాసేపు హాయిగా ఉంటుంది’ అంటాడు."

సొంత ఆసుపత్రి అనగా ఇదీ.

5. నా భార్య కుడి మోకాలికి వచ్చే సోమవారం ఆపరేషను. చేయునది సదరు డాక్టరుగారే. మొన్న పరీక్షలో ఆయన ఆమె మొహం చూడలేదు. ఎడమ మోకాలు నొక్కి కాగితం మీద ఏదో రాసుకున్నారు. "ఈ కాలు కాదు బాబూ" అని ఆమె రెండుసార్లు చెప్పవలసి వచ్చినది. ఇంటికి వచ్చి నా వైపు చూసి, "ఆ ఉత్తరం నీదేగా? నీ వేళాకోళానికి నా మోకాలే దొరికిందా?" అన్నది. మర్నాటినుండి నాకు క్యారేజీ కట్టడం మానేసినది. తిట్టినా బాగుండును.

6. తమరు శనివారాలు చెరువుకు పోయి గాలం వేస్తారనీ, సోమవారం తమ సంతకం గుండ్రంగా ఉంటుందనీ లిఫ్టులో అందరికీ తెలుసు. తమ చేపల మీద ఎవరూ ఉత్తరం రాయలేదు. ఇప్పటివరకు.

కావున ఈ గురువారమైనా ఆయనను నాలుగింటికి వదలగలరు. శుక్రవారం ఆయన ఈల వినిపిస్తేనే సోమవారం నా భార్యను బల్ల ఎక్కిస్తాను. పై సంగతులు చిత్తగించి, ఆ ఉత్తరానికి శిక్ష ఏదైనా ఉంటే రాసినవాడికే వేయవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
రెండో లిఫ్టు

తాజా కలం: షాపులో చక్రాలు చాలవేమోనని నాలుగోది గోడకేసి కొట్టి, వంకర తిప్పి, నేనే ఇచ్చి వచ్చాను. అది డ్యూటీ ఆర్డరు టైపు చేసిన గుమాస్తాగారి సైకిలుది. చక్రం పోయిందని ఆయన కూడా తమకు అర్జీ పెట్టబోతున్నారు. దాన్ని మాత్రం గురువారం దాటేదాకా చిత్తగించవద్దు.